మనసులో విసిరిన గుండు

వారం కింద జగిత్యాలలో మోకాలు చూపించుకోవడానికి వెళ్తే, ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను కళ్లు మూసుకోమంది. "కాలు లేపుతున్నట్టు మనసుల అనుకోండ్రి మేడం, కండకు బలమొస్తది" అంది. నాకు నవ్వొచ్చింది. కొత్త వైద్యం చెబుతున్నానని ఆ పిల్ల సంబరం. నేను ఇంటర్ చదివే రోజుల్లోనే, కోరుట్లలో బీడీలు చుట్టే మా చిన్నమ్మ నాకీ వైద్యం చేసిందంటే నమ్మేటట్టు లేదు.

అప్పట్లో నేను షాట్‌పుట్‌లో ఇనుప గుండు విసిరేదాన్ని. జిల్లా జట్టు ఎంపికలు ఇంకా రెండు నెలలున్నాయనగా సైకిల్ మీంచి పడ్డాను. మణికట్టులో బీట, నెల రోజులు పిండికట్టు. ఈసారి ఎంపిక కాకపోతే ఆట బంద్ అని నాన్న ముందే తేల్చి చెప్పి ఉన్నాడు. ఇక నా ఏడుపు ఎవరాపగలరు? చిన్నమ్మ మాత్రం ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, "ఏడిస్తే బొక్క అతుకుతదా? కండ్లు మూసుకొని ఇసురు. నేను జ్వరంల పన్నప్పుడు గట్లనే మనసుల బీడీలు చుట్టిన. లేచినంక చెయ్యి మర్వలే" అంది.

సరే, విసిరాను. గుండు మైదానం దాటింది, జనం చప్పట్లు కొట్టారు, మెడలో పతకం కూడా పడింది. వారం తర్వాత ఇదంతా గొప్పగా చెబితే చిన్నమ్మ కత్తెర ఆపింది.

"నువ్వు యాడున్నవే?"

"గుండు ఇసురుతున్న. మంచిగ కనబడుతున్న."

"కనబడుతున్నవంటే చూసేటోళ్లల్ల కూసున్నవన్నట్టు. గుండు సల్లగున్నదా? మెడకు ఒత్తుతున్నదా? నాకైతే మనసుల గూడ ఆకు చినుగుతది బిడ్డా."

ఒళ్లు మండింది. అయినా మర్నాటి నుంచి చూడటం మాని విసరడం మొదలుపెట్టాను. మెడ కింద ఇనుము చల్లదనం, పిక్కల్లో లాగుడు, అరికాలు కింద మట్టి. కొన్నిసార్లు గుండు జారి కాళ్ల దగ్గరే పడేది, మళ్లీ ఎత్తుకునేదాన్ని. కూర్చున్న చోటే చెమట పట్టేది.

కట్టు విప్పాక సన్నబడ్డ నా చెయ్యి చూసి నాన్న మొహం తిప్పుకున్నాడు. గుండు పట్టుకుంటే మాత్రం వేళ్లకు పని తెలుసు. మిగిలిన నెలా నిజంగా విసిరాను. ఎంపికల్లో ముగ్గురిని తీసుకున్నారు, మూడో పేరు నాది. మర్నాడు పొద్దున్నే నాన్నే వచ్చి, "గ్రౌండుకు పోవా బిడ్డా?" అని లేపాడు.

తర్వాత ముప్పై ఏళ్లు కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఎన్నో బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పాను. ఆ ఏళ్లన్నీ, నేను కదలకుండా కూర్చున్న ఆ ఒక్క నెలలోంచే వచ్చాయి.