కానుకల సంచిలో చెయ్యి

హైటెక్ సిటీలో టెస్టింగ్ ఇంజినీర్ని. పోయిన ఏడాది ఆఫీసు ఫంక్షన్‌లో మేజిక్ చేస్తానని పేరిచ్చి, లోపల అయస్కాంతం దాచిన ఐదు రూపాయల బిళ్ళ తెప్పించుకున్నాను. దాన్ని అరచేతిలో నొక్కిపట్టి, ఏమీ లేనట్టే రోజువారీ పనులు చేసుకోవడం సాధన చేయాలట. ఆదివారం కూడా మానకపోవడం నా తప్పు.

మియాపూర్‌లో మేం వెళ్లే చర్చిలో కానుకల సంచి మా వరుసకు వచ్చింది. దర్జాగా వంద నోటు వేసి చెయ్యి తీశాను. ఆ బిళ్ళకు మూడు రూపాయి బిళ్ళలు గుత్తిగా అంటుకుని బయటికొచ్చాయి. రూపాయి బిళ్ళలు అయస్కాంతానికి అంటుకుంటాయని ఈ టెస్టింగ్ ఇంజినీరుకు తట్టనేలేదు.

సంచి పట్టుకున్న సంఘపెద్ద జాకోబు గారు నెమ్మదిగా అడిగారు, "ఏంది తమ్మీ, చిల్లర తీసుకుంటున్నవా?"

"లేదండి, వాటంతట అవే వచ్చాయండి."

చెయ్యి విదిలించాను. ఒక్కటీ రాలలేదు. మా ఆవిడ నన్నెప్పుడూ చూడనట్టు పక్కకు జరిగి కూర్చుంది.

ఆఫీసులో నా మేజిక్‌కు ఎవరూ ఆశ్చర్యపోలేదు. చర్చిలో మాత్రం ఇప్పటికీ, సంచి మా వరుసకు రాగానే జాకోబు గారు ఆగుతారు. "జర చేతులు సూపియ్యి తమ్మీ" అంటారు. ఖాళీ చేతులు అటూ ఇటూ తిప్పి చూపిస్తాను. ఆ ఒక్కటి మాత్రం అసలైన మెజీషియన్‌లా చేస్తున్నాను.