మా చీరల కౌంటర్ అక్క

పొద్దున స్టాఫ్ గ్రూపులో రెండు మెసేజ్‌లు వచ్చాయి. కొత్త స్టాకు దిగుతోంది, ఎవరూ ఆలస్యం చేయొద్దని ఒకటి. దాని కిందే, మా చీరల సెక్షన్ అక్క గుండె ఆగి చనిపోయిందని ఇంకొకటి. చదివాను. ఫోన్ సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ షోరూమ్‌కు వెళ్లి, రోజూ నిలబడే చోటే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

అక్కది నల్లగొండ దగ్గర పల్లె. మాది గుంటూరు వైపు. కరోనా తగ్గి షాపు మళ్లీ తెరిచినప్పుడు సగం మందినే పనిలోకి పిలిచారు. చీరలు తగ్గలేదు, కొనేవాళ్లూ తగ్గలేదు. దూరం పాటించాలన్న పేరుతో మేం కూర్చునే స్టూళ్లు గోడౌన్‌కు పోయాయి. కరోనా పోయినా అవి తిరిగి రాలేదు. అడిగితే, మేం కూర్చుంటే కస్టమర్‌కు మర్యాదగా ఉండదన్నారు. మర్యాద వాళ్లది, మోకాళ్లు మావి.

నాకు ఆ జబ్బు వచ్చి తగ్గాక ఒంట్లో సత్తువ పోయింది. కాసేపు నిలబడితే కళ్లు తిరిగేవి. మానేద్దామంటే ఇల్లు గడవదు. ఒకరోజు కౌంటర్ పట్టుకుని, "అక్కా, నా వల్ల కావట్లేదు" అన్నాను. అక్క నా ముఖం చూసింది. ఎదురుగా ఉన్న కస్టమర్ రెండు పట్టుచీరలు అడిగితే, అరలో ఉన్నవన్నీ దింపి ఒక్కొక్కటీ కొంగు దాకా పరిచింది. ఆవిడ వెళ్లిపోయాక ఆ గుట్టను నా వైపు తోసింది.

"గా కింద పరుపు మీద కూసొని మడతవెట్టు. పని చేసుకుంట కూసుంటే కూసున్నట్టు కాదు."

పట్టుచీరలు మా షాపులో కింద కూర్చునే మడవాలి. కెమెరాలో చూసినా ఎవరూ ఏమీ అనలేరు.

ఆ తర్వాత మాలో ఎవరికి నడుం నొప్పి వచ్చినా, ఎవరికి జ్వరం తగిలినా అక్క చీరలు పరిచేది. కడుపుతో ఉన్న పిల్లకైతే రోజంతా పరిచేది. ఎవరికి ఎప్పుడు కాళ్లు లాగుతున్నాయో ఎలా కనిపెట్టేదో తెలియదు. మేనేజర్ మాత్రం కస్సుమనేవాడు.

"రెండు అడిగితే ఇరవై పరుస్తావేంటమ్మా?"

"కొనేటోళ్లకు కండ్లు నిండాలె గద సార్!"

అటు తిరిగి మాకేసి కన్ను కొట్టేది. నవ్వాపుకోలేక మేం మడతలు చెడగొట్టి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అదీ లాభమే.

సాయంత్రానికి అక్క పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఒకసారి నేనే గుట్ట లాక్కొచ్చి, "ఇవాళ నువ్వు కూర్చో అక్కా" అన్నాను.

"నేను కూసుంటే పరిచేదెవరే?" అంది.

మేనేజర్ ముందు అన్ని చీరలు పరిచే ధైర్యం మాలో ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అక్కకు తెలుసు.

పెళ్లిళ్ల సీజన్ కాబట్టి ఇవాళ సెలవివ్వలేదు, భోజనం గంటలో ఎల్బీనగర్ వెళ్లి అక్కను చూసి రమ్మన్నారు. అక్కను కిరాయి ఇంటి ముందు టెంటు కింద పడుకోబెట్టారు. మేం యూనిఫాం చీరల్లో, చేతులు కట్టుకుని, అలవాటుగా వరసలో నిలబడ్డాం. అక్క చెల్లెలు మా దగ్గరికి వచ్చింది.

"గట్ల నిలబడ్డరేంది? కూసోండ్రి బిడ్డా."

కుర్చీల్లో కూర్చున్నాం. భోజనం గంట అయిపోయింది. మాలో ఒకరి ఫోన్ మోగింది, మేనేజర్. తర్వాత నాది మోగింది. ఆ తర్వాత ఇంకొకరిది. ఎవరమూ ఎత్తలేదు. ఎవరమూ లేవలేదు.