ఐర్లాండు కరపత్రం, బూన్ లే క్రేను

మా అమ్మాయి బల్ల మీద పెన్సిలు చెక్కుతుంటే బుకిట్ బటోక్ ఫ్లాటంతా ఆ వాసనే. "షార్ప్ అయింది లా, నాన్నా, ఎందుకలా చూస్తున్నావ్?" అంది సింగపూర్ యాసలో. నాకు విశాలాక్షి ఆంటీ గుర్తొచ్చారు. సింగపూర్‌లో నా మొదటి బాస్ ఆవిడ. పుట్టింది కాకినాడలో, ఇక్కడికొచ్చి నలభై ఏళ్లు. పాత అచ్చుకాగితాలు సేకరించేవాళ్ల కోసం వాటిని స్కాన్ చేసి జాబితా రాసిచ్చే చిన్న ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో నడిపేవారు. ఆ గదిలోకి పెన్ను తేకూడదు. సిరా చుక్క పడితే కాగితం పోయినట్టే, అందుకని అందరి చేతుల్లోనూ పెన్సిళ్లే. ఏ వార్తాపత్రం చేతికొచ్చినా జాబితాలో దాని పేరు పక్కన ఒక మాట రాయాలి: రాసినవాడు చూశాడా, విన్నాడా? అది ఆవిడ చాదస్తం అనుకునేవాణ్ణి.

చేరిన రెండో వారంలో నాకొక కరపత్రం ఇచ్చారు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట ఐర్లాండులో తిరుగుబాటు లేచినప్పుడు లండన్‌లో అచ్చేసి వీధుల్లో అమ్మినది. డబ్లిన్ నుంచి ఒక పెద్దమనిషి స్నేహితుడికి రాసిన ఉత్తరమట. తిరుగుబాటుదారులు ఇళ్లు తగలబెట్టారని, చంటిపిల్లల్ని కూడా వదల్లేదని రాశాడు. పక్కన చెక్క అచ్చుతో వేసిన బొమ్మ, ఈటె కొనన ఒక పసిబిడ్డ. మధ్యాహ్నం అన్నం ముట్టలేకపోయాను.

"మకాన్ మానేశావేంటి శ్రీనూ?" అన్నారు ఆంటీ. తిండిని ఇక్కడ మకాన్ అంటారు.

"ఇది చదివినంక ఎట్ల తింటా ఆంటీ? రాక్షసులు వాళ్లు!"

ఆవిడ బీరువాలోంచి మరో కరపత్రం తెచ్చి పక్కన పెట్టారు. అంతకు కొన్నేళ్ల ముందు జర్మనీలో జరిగిన యుద్ధం గురించి అచ్చయినది. అదే బొమ్మ. అదే ఈటె, అదే బిడ్డ. అచ్చు చెక్క చీలిన చోట పడిన తెల్లగీత కూడా అదే.

"అంటే ఐర్లాండుల ఎవరూ సావలేదా ఆంటీ?"

"చచ్చారయ్యా. రెండు వైపులా చచ్చారు. కానీ వీళ్లు విన్నదాన్ని చూసినట్టు రాసి, ఎవరి బొమ్మో తగిలించి అమ్మేశారు. చదివినోళ్లు పగతో ఊగిపోయారు. ఆ పగకి మళ్లీ ఎంతమంది పోయారో!"

జాబితాలో 'విన్నాడు' అని రాశాను. రాశాను గానీ, నా బుర్రకెక్కలేదని నెల తిరక్కుండానే తేలింది.

ఒక ఉదయం రైల్లో ఉండగా ఫోనుకు ఫోటో వచ్చింది. కూలిన క్రేను, కింద నలిగిన మనుషులు. బూన్ లే దగ్గర షిప్‌యార్డులో మనవాళ్లు ముగ్గురు పోయారని రాసుంది. మా ఊరి యాదగిరి పనిచేసేది ఆ వైపే. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో వాళ్ల ఫోన్లు లాకర్లో ఉంటాయని నాకు తెలుసు, ఆ క్షణాన గుర్తు రాలేదు. ఏడుస్తూనే ఫోటోను మా ఊరి గ్రూపులో పెట్టేశాను. 'యాదగిరి ఫోన్ ఎత్తుతలేడు' అని నా మాట కూడా చేర్చాను.

మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా యాదగిరే ఫోన్ చేశాడు.

"అన్నా, నేను సచ్చిపోయిన్నని మా ఇంట్ల ఎవరు చెప్పిన్రన్నా? మా లక్ష్మి చేతులు గోడకేసి కొట్టుకొని గాజులు పగలగొట్టుకున్నది. మణికట్టు తెగితే దవాఖానల కుట్లేసిన్రు. నేనే మాట్లాడుతున్నా అంటే నమ్ముతలేదన్నా!"

మొగుడు బతికుండగానే ఆ పిల్ల గాజులు పగలగొట్టుకుంది. పొద్దున గ్రూపులో పెట్టిన ఫోటో తీసి ఆంటీకి చూపించాను. ఆంటీ నా ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేశారు.

"క్రేను మీద రాత చూడు. అదేం భాషో నాకూ తెలీదు. సింగపూర్‌లో ఎక్కడన్నా చూశావా?"

లేదు. అసలు నేను ఆ రాత వంకే చూడలేదు.

తిడతారనుకున్నాను. "బూన్ లే వెళ్లు. పెట్టింది నేనేనని నీ నోటితో చెప్పు. చూడలేదు, విన్నానని కూడా చెప్పు" అన్నారు, అంతే.

సాయంత్రం వెళ్లి యాదగిరికి అంతా చెప్పాను. కరపత్రం సంగతి, ఆంటీ అడిగే ప్రశ్న కూడా దాచలేదు. వాడు కొట్టినా బాగుండేది. "నువ్వా అన్నా?" అన్నాడు. తర్వాత చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

అప్పట్నుంచి ఏ కబురొచ్చినా ఆ ప్రశ్న అడక్కుండా ముందుకు పంపలేదు. పోయిన ఏడాది ఆంటీ పోయారు. ఆ కబురు గ్రూపులో పెట్టింది నేనే. నిమిషం తిరక్కుండా యాదగిరి ఫోన్ చేశాడు.

"అన్నా... చూసినవా, విన్నవా?"

ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కనే నిలబడి ఉన్నాను. విన్నానని చెప్పగలిగితే ఎంత బాగుండు అనిపించింది.

"చూసిన తమ్మీ" అన్నాను.