ఎండిన కాలువలో వినిపించిన పిలుపు

ప్రమాదమని నాకు మొదట అనిపించింది తడిసిన మట్టి వాసనకు. తలెత్తి చూస్తే మబ్బు తునక లేదు. నా పిల్లలిద్దరూ ఎండిన కాలువలో, పాత లాకు గోడల మధ్య కూర్చుని నత్తగుల్లలు ఏరుతున్నారు.

దయ్యాలను నేను నమ్మను. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. భయం మాత్రం ఎక్కువే. పాములు, మూతలేని బావులు, కిక్కిరిసిన స్కూల్ ఆటోలు, ఇవీ నా భయాలు. అందుకే ఆ వాసనకు నాకు దయ్యం గుర్తురాలేదు. నీళ్లు గుర్తొచ్చాయి.

మేముండేది భూపాలపల్లిలో, గని క్వార్టర్స్‌లో. సెలవులకు మొగుళ్లపల్లి దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లాం. చెరువు కట్ట తెగిన తర్వాత అక్కడి కాలువ పారలేదు, అందరూ బోర్లు వేసుకున్నారు. లాకు మాత్రం మిగిలింది. ఎదురెదురుగా రెండు రాతి గోడలు, వాటిలో తలుపులు పైకీ కిందికీ జారడానికి చెక్కిన గాడులు. తలుపులు ఎప్పుడో పోయినా ఊళ్లో దాన్ని ఇంకా ‘తలుపులు’ అనే అంటారు.

నీళ్లను ఎట్లా ఆపేవారో పిల్లలకు చూపిద్దామని నేనే తీసుకెళ్లాను. కాలికి ముల్లు గుచ్చుకుంటే తీసుకోవడానికి గట్టెక్కాను. అప్పుడు ఎగువ నుంచి ఒక మగ గొంతు వినిపించింది.

“కాల్వల ఎవలన్న ఉన్నరా?”

మేకలు కాసే మనిషి అనుకున్నాను. అత్తగారి ఊళ్లో, కనబడని మగమనిషికి కోడలు గొంతెత్తి జవాబు చెప్తే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. అదే మాట మళ్లీ వచ్చింది, కొంచెం దగ్గరగా. తొందర లేని గొంతు, రోజూ అడిగి అలవాటైనట్టు. మళ్లీ ఊరుకున్నాను.

రాతి మీద ఇనుము గీసుకున్న చప్పుడైంది. వెంటనే ఆ వాసన.

దూకాను. పాపను చంకనేసుకుని, పెద్దోణ్ణి జబ్బ పట్టి గట్టు మీదికి ఈడ్చాను. గుల్లలు పోయాయని వాడి ఏడుపు. పాప చెప్పులు కిందే ఉండిపోయాయి. తిరిగి చూస్తే కాలువ ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది. ఎగువన మనిషీ లేడు, మేకలూ లేవు.

ఇంటికొచ్చి చెప్తే, బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చాట పక్కన పెట్టింది.

“నువ్వేమన్నవు బిడ్డా?”

“ఏమనలే అత్తమ్మా.”

“అట్లనే ఊకున్నవా? నీళ్లిడిసే నీరటాయన గట్లనే అడుగుతుండె. ఉన్నమంటె ఆగుతుండె. సప్పుడు లేకుంటె తలుపులు లేపుతుండె.”

ఆయన పోయి చాలా ఏండ్లయిందట. ఆ తర్వాత ఆ పనికి ఎవరూ రాలేదట.

మా ఆయన నవ్వాడు. “ఫిజిక్స్ మేడమ్‌కు గూడ భయమైతదా?” అంటూ చెప్పులు తేవడానికి పోయాడు. వచ్చేటప్పుడు నవ్వు లేదు. పాప విడిచిన చోట చెప్పులు లేవట. లాకుకు దిగువన, ఒకటి మీద ఒకటి పడి ఉన్నాయట. చుట్టూ నేల పొడిగానే ఉందట. చెప్పుల నిండా మాత్రం తడి ఒండ్రు. మేకలు తొక్కాయేమో అన్నాడు.

చెప్పులను నా చేతులతోనే కడిగాను. చెరువు అడుగున ఉండే నల్లని, మెత్తని ఒండ్రు. ఊట నీళ్లు అనుకుందామంటే నేల పొడి. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు లెక్క తేలలేదు, ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా తేలడం లేదు. కానీ ఆ గొంతు మమ్మల్ని భయపెట్టడానికి రాలేదు. ఎవరూ మునగకూడదని అడిగింది. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

కనబడని వాళ్లు పిలిస్తే పలకొద్దని చిన్నప్పుడు మా అమ్మ నాకు చెప్పింది. మర్నాడు పొద్దున పాలు తాగుతున్న పిల్లలకు నేను ఆ మాట చెప్పలేదు.

“కాల్వలకు దిగొద్దు. ఎప్పుడన్న దిగితె, ఎవలన్న ఉన్నరా అని వినవడితె, ఉన్నమని గట్టిగ చెప్పుండ్రి” అన్నాను.

పెద్దోడు గ్లాసు దించాడు. “అడిగేటోళ్లు కనవడకుంటె గూడనా అమ్మా?”

“లేకుంటె గూడ.”