సార్ దగ్గర కాగితం, మా దగ్గర బిళ్ళ

మా సార్ పోయారన్న సంగతి నాకు మిర్యాలగూడ బస్టాండులో పేపర్లమ్మే మనిషి చెప్పాడు. సూర్యాపేట కాలేజీలో హిస్టరీ చెప్పిన పెద్దసారు పొద్దున పోయిండంట అన్నాడు. నేను నమ్మలేదు. "అంట అన్నోడెవరు?" అని అడిగాను. అడిగాక గానీ తట్టలేదు, అది నా మాట కాదు, సార్ మాటే. క్లాసులో ఎవరైనా 'అంట' అంటే చాలు, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి పైకి లేచేది. అన్నోడెవరు, సూసినోడెవరు అని నిలదీసేవారు. జవాబు రాకపోతే ఆ మాటను బోర్డు మీద నుంచి తుడిచేసేవారు. పేపర్ల మనిషి కంగారుపడి, బస్సు దిగినవాళ్ళు అనుకుంటుంటే విన్నాను, నాకేం తెలుసన్నాడు. పక్కనే ఎస్టీడీ బూతులోకి వెళ్ళి సార్ ఇంటి ఎదురుగా ఉండే కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తే సార్ భార్యను, మా మేడంని, పిలుచుకొచ్చారు. "నిజమే నాయినా. నువ్వు అడగకుంట నమ్మవని నాకు ఎరుకే" అన్నదామె.

సార్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ళు సూర్యాపేట నిండా ఉన్నారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. పదేళ్ళకు పైగా నేను ఆ మనిషిని దొంగ అని అనుమానించాను. ఆ అనుమానాన్ని అర్జీగా రాసింది కూడా నేనే.

మాది దామరచర్ల దిక్కు ఒక తండా. ఇంట్లో లంబాడీ, గడప దాటితే తెలుగు. తండాలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. అందువల్లనో ఏమో, ఎవరైనా ఊరికే మంచిగా మాట్లాడితే వీడికి నాతో ఏం పని పడిందో అని లెక్కలు వేసేవాణ్ణి. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే సార్ నన్ను పిలిచి, మీ తండా దగ్గర పాటిగడ్డ ఉందా అని అడిగారు. ఇంకేం, గుప్తనిధుల బాపతు అనుకున్నాను.

పాటిగడ్డ అంటే ఒకప్పుడు ఊరుండి పాడుబడిన దిబ్బ. ఆ మన్నులో బూడిద, పెంట కలిసి ఉంటాయి. అందుకని ఎండాకాలంలో రైతులు బండ్ల మీద తోలుకుపోయి పొలాల్లో చల్లుకుంటారు. సార్ సెలవుల్లో ఆ బండ్ల వెనక నడిచేవారు. త్రిపురారం దిక్కు కాలువ కట్ట మీద, మిట్టమధ్యాహ్నం, గొడుగు వేసుకుని, మన్నుబండి వెనకాల ఒక లెక్చరర్! రాలిన కుండపెంకులు రైతునడిగి ఏరుకుని చొక్కా జేబులో వేసుకునేవారు. మెడలో బూటు తాడుకు కట్టిన భూతద్దం ఊగుతుండేది. ఆ చొక్కాలు ఉతికే ముందు జేబులు దులపడం మేడం పని. మీ రాజ్యాలన్నీ నా బకెట్లనే మునుగుతున్నయి అని ఆమె ఎత్తిపొడిచేది.

పెంకుల సంగతి అట్లా ఉన్నా, ఎవరింట్లోనైనా పాత నాణెం ఉంటే మాత్రం ఆయన ముట్టేవారు కాదు. వస్తువు వాళ్ళ చేతిల, కాగితం మన చేతిల, ఆ గీత దాటొద్దు అని మాకు చెప్పేవారు. నాకు అది కూడా నాటకంలాగే కనిపించేది. ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి ఏదో పెద్దదానికే కాచుకున్నాడనుకునేవాణ్ణి.

మా నాయనమ్మ మెడలో నల్లదారానికి ఒక బంగారు బిళ్ళ ఉండేది. వాళ్ళ తాతకు పాటిమన్నులో దొరికిందట. దాని మీద ఒక మగమనిషి తల, చుట్టూ తెలియని అక్షరాలు. ముక్కు పెద్దదని నాయనమ్మ వాణ్ణి 'ముక్కోడు' అనేది. ఏటా మా లంబాడీల సీత్లా పండుగకు పసుపు, నూనె రాసేది తప్ప నీళ్ళు తగలనిచ్చేది కాదు. కడిగితే ఇంటి భాగ్యం కూడా కడుక్కుపోతుందని ఆమె నమ్మకం.

నేను నోరుజారి ఆ సంగతి చెప్పాను. సార్ ఆ ఆదివారమే తండాకు వచ్చారు. నాయనమ్మ బిళ్ళను బండ మీద పెట్టి, దారాన్ని వేలితో అదిమి పట్టుకుంది. సార్ దాని మీద పలచటి కాగితం పరిచి, పెన్సిలు పక్కకు వంచి మెల్లగా రుద్దారు. కాగితం మీద ముక్కోడి తల తేలింది. నాయనమ్మ గతుక్కుమంది. వాడు బిళ్ళలోంచి కాగితంలోకి వెళ్ళిపోయాడేమోనని ఆమె భయం. గబుక్కున కాగితం ఎత్తి బిళ్ళను చూసుకుని, "ఉన్నడు" అన్నది. సార్ నవ్వారు. రెండువేల ఏండ్ల కింద సముద్రం అవతల రోము దేశాన్ని ఏలినవాడని, మన బట్టలకు, పూసలకు బదులుగా వాడి బంగారం ఇటు వచ్చిందని చెప్పారు. లేచేటప్పుడు ఒక మాట అన్నారు.

"అవ్వా, కాగితం నా దగ్గర ఉంటది, బిళ్ళ నీ దగ్గర ఉంటది. ఎప్పుడు అనుమానమొచ్చినా రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి సూసుకోవచ్చు."

ఆ అక్షరాలు చదవడం కోసం సార్ లాటిన్ నేర్చుకుంటూ ఉండేవారు. కోదాడలో ఒక ముసలి పాదిరిగారికి ఆ భాష వచ్చు. ప్రతి రెండో శనివారం బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్ళేవారు. సార్ మతం మారుతున్నాడని స్టాఫ్ రూములో గుసగుసలు. పాదిరిగారికేమో ఇంకో అనుమానం. "మీరు వచ్చేది ప్రభువు కోసం కాదని నాకు తెలుసులెండి" అని ఆయన ఆటపట్టించేవారని సార్ మాకు చెప్పి నవ్వేవారు. రెండేళ్ళు పట్టింది. ముక్కోడి మీద ఒక వ్యాసం రాసి, పెన్సిలు ముద్ర నకలు జతచేసి, ఇంగ్లండు పత్రికకు పంపారు.

ఆరు నెలలకు అక్కడి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గ్రీకు, రోము చరిత్రలు చెప్పే డిపార్ట్‌మెంటులో ఒక ఏడాది విజిటింగ్ లెక్చరర్‌గా రమ్మని పిలుపు. వారానికి రెండు క్లాసులు, ఉండటానికి గది, లైబ్రరీలో ఒక బల్ల. సార్ ఆ ఉత్తరాన్ని కూడా అనుమానించారు. మాలో ఎవరో ఆటపట్టిస్తున్నామని ఆయన భయం. భూతద్దం పెట్టి స్టాంపు చూశారు, పోస్టు ముద్ర చూశారు, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. నిజమేనని తేలింది. పెంకులు ఏరుకునే మనిషిని సముద్రం అవతలివాళ్ళు పేరు పెట్టి పిలిచారు. హైదరాబాదు పోయి నీలం రంగు సూట్‌కేసు, ఒక స్వెటరు కొనుక్కొచ్చారు. సూర్యాపేట ఎండలో ఆ స్వెటరు తొడుక్కుని అద్దంలో చూసుకున్నారని మేడం చెప్పింది.

స్టాఫ్ రూముకు మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడలేదు. రోము గురించి చెప్పడానికి సూర్యాపేట నుంచి మనిషిని పిలుచుకుంటారా? వాళ్ళకు మనుషులు కరువా? ఏదో ఇచ్చి ఉంటాడు, లేకపోతే ఏదో ఇయ్యబోతున్నాడు. ఆ మాటలు నేను విన్నాను. నా బుర్రలో అవి బాగానే నాటుకున్నాయి.

అంతలో ఇంగ్లండు వాళ్ళు బిళ్ళ ఫోటో కావాలన్నారు. మిర్యాలగూడలో స్టూడియో. నాయనమ్మకు బస్సు పడదు. బిళ్ళను తీసి నా చేతిలో పెట్టి, నీకు ఇస్తున్న, ఆయనకు కాదు అన్నది. ఇక్కడే నా ఘనకార్యం. ఫోటోలో మెరవాలని ఆ పొద్దున హాస్టల్లో కుంకుడు రసంలో నానబెట్టి, పళ్ళ బ్రష్షుతో బరబరా తోమాను. ముప్పై నలభై ఏండ్ల పసుపు, మన్ను పోయి ముక్కోడు తళతళలాడాడు. స్టూడియోలో దాన్ని చూడగానే సార్ మొహం వాడిపోయింది. ఎవరు కడిగారని అడిగారు. నాయనమ్మే కడిగింది సార్ అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. కరెంటు పోయింది. వచ్చేదాకా ఆగాలన్నాడు స్టూడియో ఆయన. నేను బిళ్ళను సార్ చేతిలో పెట్టి, మిర్చి బజ్జీలు తిని వస్తానని బయటికి పోయాను. వచ్చేసరికి గంటయింది. ఫోటో అప్పటికే అయిపోయింది.

తండాకు వెళ్ళి బిళ్ళ ఇస్తే నాయనమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "వీడు మా ముక్కోడు గాదు. తేలిగ్గున్నడు" అన్నది. నేను కడిగానని ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. ఇంటి భాగ్యాన్ని నేనే తోమేశానని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి తండా అంతా మా ఇంటి ముందర ఉంది. సార్ అసలు బిళ్ళ దాచుకుని నకిలీది ఇచ్చాడు, దాన్ని పట్టుకుని ఇంగ్లీషు సీమకు పోతున్నాడు, అందుకే వాళ్ళు పిలిచారు. అన్నీ ఎంత చక్కగా అతికాయో చూడండి.

మీరు నమ్మకపోవచ్చు గానీ, నాకూ అతికాయి. కడిగింది నేనే. ఆ మెరుపు ఎక్కడిదో నాకు తెలుసు. అయినా ఆ గంట నన్ను పురుగులా తొలిచింది. తేలిగ్గా ఉందని నాయనమ్మ ఎందుకన్నది? కరెంటు లేని గంటలో ఫోటో ఎట్లా అయింది? నేను చేసిన తప్పు కన్నా సార్ చేసిన మోసం ఉంటే నాకు హాయి. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చదువుకున్నోడివి నువ్వే రాయి అన్నాడు తండా పెద్ద. రాశాను. చేతిరాత ఎవరూ గుర్తుపట్టకుండా అక్షరాలను ఎడమకు వంచి రాశాను. పెద్దలంతా వేలిముద్రలు వేశారు. నా వేలికి సిరా అంటలేదు. ఒక నకలు పోలీసులకు, ఒకటి కాలేజీకి పోయింది.

విచారణకు వచ్చినవాళ్ళు కంసాలితో గీటురాయి మీద గీయించారు. బంగారమే అన్నాడు. బంగారమే గానీ మాది కాదన్నారు మావాళ్ళు. సార్ తన దగ్గర కాగితం ఉందని, బిళ్ళ తెప్పించి పోల్చమని అడిగారట. నువ్వు రుద్దిన కాగితం నీకే సాక్ష్యమా అన్నారట వాళ్ళు. తండావాళ్ళు బిళ్ళను మళ్ళీ గడప దాటించేది లేదన్నారు. విచారణ తేలేదాకా విదేశం పోవడానికి నో అబ్జెక్షన్ కాగితం ఇవ్వలేమన్నది కాలేజీ. నేరం ఏమీ లేదని తేలేసరికి అక్కడ చదువుల ఏడు మొదలై మూడు నెలలు దాటింది. చాలా చింతిస్తున్నాం, ఈ ఏటికి వేరొకరిని తీసుకున్నాం అని ఇంగ్లండు నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. సార్ దానికి మాత్రం భూతద్దం పెట్టలేదు.

అర్జీ వచ్చిన వారం ఆయన నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. రాతిశాసనం చూసి, దీన్ని, ఫలానాదాన్ని చెక్కింది ఒకే చెయ్యి అని చెప్పగలిగిన మనిషి. నా ఎడమ వంపులు ఆయనకొక లెక్కా?

"అర్జీ సూసిన. రాసినోడు మంచిగనే రాసిండు. గాని ఒకటి ఇడిసిపెట్టిండు. ఆ సార్ దగ్గర కాగితమున్నది, తెప్పించి బిళ్ళ మీద పెట్టి సూడున్రి అని రాయలే. ఎందుకు రాయలే?"

నేను లేవబోతే చెయ్యి పట్టి ఆపారు.

"అనుమానం తప్పు గాదు బిడ్డా. మనకు అన్నం పెట్టేదే అనుమానం. గాని పడితే ఆఖరిదాక పడాలె. సగంల ఆపితే అది నింద అయితది."

అంతే. బిళ్ళ కడిగింది అవ్వ కాదని పోల్చుకున్నా ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్ను పాస్ చేయించారు, బీఈడీకి దరఖాస్తు పెట్టించారు. నేను హిస్టరీ టీచర్ని కావడం ఆయన పుణ్యమే. అయినా నా అనుమానం పోలేదు సుమా. ఇంత మంచితనం తప్పు చేయనివాడికి ఎందుకుంటుంది అని దానికి ఇంకో కొమ్మ మొలిచింది. తర్వాత్తర్వాత కోదాడ బస్టాండులో ఎదురుపడితే భుజం తట్టి, "ముక్కోడు మంచిగున్నడా?" అని అడిగేవారు. ఉన్నాడు సార్ అనేవాణ్ణి. ఒకసారి పట్టుకురా సూద్దాం అని ఆయన ఎన్నడూ అనలేదు. అనాల్సింది నేనని ఆయన లెక్క.

నాలుగేళ్ళ కింద నాయనమ్మ పోయాక బిళ్ళ నా పెట్టెలోకి వచ్చింది. మా ఊరి నుంచి సూర్యాపేటకు రెండు గంటల బస్సు. బడి పరీక్షలు, నాట్లు, పెళ్ళిళ్ళు అంటూ వాయిదా వేశాను. అసలు భయం వేరు. కలవకపోతే సార్ దొంగ. కలిస్తే నేనేమిటో తేలిపోతుంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక జేబులో బిళ్ళతో మేడం ముందు కూర్చుని, కుంకుడుకాయ దగ్గర నుంచి అర్జీ దాకా మొత్తం చెప్పాను. ఆమె లేచి లోపలి నుంచి నీలం సూట్‌కేసు తెచ్చింది. ఎక్కడికీ వెళ్ళని సూట్‌కేసు, చక్రాలకు మట్టి అంటలేదు. అడుగున మళ్ళీ మడత విప్పని స్వెటరు, దాని మీద అట్టల మధ్య కాగితాలు. ముక్కోడి కాగితం అందులో ఉంది.

"మేడం, బిళ్ళ మీరు పట్టుకోండి" అన్నాను. కాగితం నేను పట్టుకున్నాను. గడ్డం కింద చిన్న నొక్కు. దారం కోసం పొడిచిన రంధ్రం కొంచెం ఎడమకు. చివరి అక్షరం సగం అరిగింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అన్నీ కలిశాయి. రంధ్రం అంచున వెంట్రుకంత చీలిక కూడా కలిసింది.

కాగితం అంచున సార్ రాత ఉంది. పైన, తండాకు వచ్చిన రోజుది: "బిళ్ళ అవ్వ చేతిలోనే ఉన్నది. నేను ముట్టలేదు." కింద వేరే సిరాతో ఫోటో రోజుది: "కడిగినారు. మధ్యలో కరెంటు వస్తే ఫోటో తీయించినాను. గంటసేపు నా చేతిలో ఉన్నది. పిల్లవాణ్ణి బయటికి పోనియ్యకుండా ఉండవలసింది. తప్పు నాది."

అది చదివి నేను ఏడ్చాను. మేడం బిళ్ళను కాగితం మీద పెట్టింది. నేను రెండింటినీ కలిపి బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. తీసి చూస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా పెన్సిలు మసి ఊడి, నా బొటనవేలు నల్లగా అయింది. మేడం చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఈసారి కడగబుద్ధి కాలేదు.