మగ్గం ఇంట్లో బూట్లు

1957లో నల్లగొండ బస్‌స్టాండుకు పోయే దారిలో నాకొక చిన్న దుకాణం ఉండేది. ముందు కుట్టుపని చేసుకునే చోటు, వెనక తోలు ఆరబెట్టుకునే జాగా. తోలు పని మా ఇంటి పనే అయినా, బూట్లు కుట్టడం మాత్రం నేను సికింద్రాబాదులో మిలిటరీకి బూట్లు పంపే ఒక కార్ఖానాలో నేర్చుకున్నాను. అక్కడి మేస్త్రీ చేత ఏళ్ల తరబడి తిట్లు తిని వచ్చినవాణ్ని కాబట్టి, జిల్లాలో నా అంత బూటు కుట్టేవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ మాట పైకి అనడానికి కూడా మొహమాటపడేవాణ్ని కాదు. వయసు అలాంటిది.

తర్వాత పెళ్లికొడుకులకు కుట్టాను, పోలీసులకు కుట్టాను, కాలు వంకర ఉన్న ఒక తహసీల్దారు గారికి రెండు వేర్వేరు కొలతలతో కుట్టాను. అయినా మీ పనిలో గుర్తుండిపోయిందేదని ఎవరైనా అడిగితే, చౌటుప్పల్ నేతగాళ్ల ఫుట్‌బాల్ టీం కోసం కుట్టిన బూట్ల సంగతే చెబుతాను.

ఆ రోజుల్లో హైదరాబాదులో ఫుట్‌బాల్ అంటే జనం పడిచచ్చేవారు. ఆ గాలి మా వైపూ సోకింది. దసరా వెళ్లాక నల్లగొండలో ఏటా ఒక టోర్నమెంటు పెట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, మహబూబ్‌నగర్ నుంచి టీములు వచ్చేవి. ఎన్ని వచ్చినా షీల్డు మాత్రం నాలుగేళ్లుగా చౌటుప్పల్‌కే పోతోంది. వాళ్లంతా గుంట మగ్గాల మీద నేసేవాళ్లు. గుంట మగ్గమంటే, మనిషి నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగునున్న పలకల్ని తొక్కుతూ నేసే మగ్గం. పొద్దంతా తొక్కీ తొక్కీ వాళ్ల కాళ్లకు ఎక్కడలేని చురుకు వచ్చేది. ఒట్టి కాళ్లతోనే ఆడేవారు. వాళ్ల కెప్టెన్ యాదగిరి, పొడుగాటి మనిషి, మాట తక్కువ. మైదానం మధ్యలో నిలబడితే బంతి తనంతట తానే అతని దగ్గరికి పోతుందా అనిపించేది.

ఆ ఏడు టోర్నమెంటు కమిటీ వారు బూట్లు లేనిదే ఎవరినీ ఆడనివ్వమన్నారు. బూట్లవాళ్లు తొక్కితే ఒట్టి కాళ్లవాళ్లకు దెబ్బలు తగులుతున్నాయని కారణం చెప్పారు. నేతగాళ్లను ఓడించడానికే ఈ ఎత్తు వేశారని కొందరన్నారు. అంత ఎత్తు వేసే తెలివి ఆ కమిటీకి ఉందని నేననుకోను. అందులో సగం మంది జీవితంలో బంతిని తన్నినవాళ్లు కాదు.

అలా ఒకరోజు టీం మొత్తం నా దుకాణానికి వచ్చింది. కొలత తీసుకోవడమంటే మనిషిని కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, చేత్తో పాదం పట్టుకుని నడుమూ మడమా చూసుకోవడం. దాన్నిబట్టి 'లాస్ట్', అంటే పాదం ఆకారంలో ఉండే కర్ర అచ్చు, ఎంచుకుంటాం. ఆ అచ్చు మీదే తోలు బిగించి బూటు కుడతాం. అచ్చు ఎట్లా ఉంటే బూటు అట్లా వస్తుంది. నేను పాదం పట్టుకోబోతే యాదగిరి వెనక్కి తగ్గాడు.

"పెద్దోనివి. నీ చేతుల నేను కాలు పెట్టుడేంది, లచ్చన్నా?" అన్నాడు.

నా పనే అది కదా అని నచ్చజెప్పాను. అందరూ పెట్టారుగానీ, బిడియంతో వేళ్లన్నీ దగ్గరికి బిగబట్టుకుని పెట్టారు. అచ్చులు ఎంచాను. బూట్లు కుట్టాను. అడుగున జారకుండా పట్టు కోసం తోలు బొడిపెలు కొట్టాను, వాటినే 'స్టడ్లు' అంటారు. బూట్లు చేతికిస్తూ, ఆట ఇంకా నెల ఉంది, రోజూ కాసేపు తొడుక్కుని తిరగండి, కొత్త తోలు కాలికి అలవాటుపడాలి అని ఒకటికి పదిసార్లు చెప్పాను. అందరూ తలూపారు.

మొదటి ఆట మహబూబ్‌నగర్ టీంతో. నేను కుట్టిన బూట్లు కదా, దుకాణం మూసి మరీ వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేది. నేతగాళ్లు ముళ్ల మీద నడుస్తున్నట్టు నడిచారు. యాదగిరి తన్నిన బంతి ఒకచోటికి, చూపు ఒకచోటికి. మూడు గోల్స్ పడ్డాయి, వీళ్లు ఒక్కటీ వేయలేదు. చివర్లో ఇద్దరు బూట్లు విప్పేస్తే రెఫరీ వాళ్లను బయటికి పంపించాడు.

సాయంత్రం టీ హోటల్లో ఇదే ముచ్చట. నేతగాళ్ల పని అయిపోయింది, ఇంక వాళ్లను లేపేవాడు లేడు అన్నారు. అక్కడితో ఆగినా సరిపోయేది. లచ్చయ్య బూట్లే వాళ్లను ముంచినయ్ అని ఒకాయన అన్నాడు. నేను చేతిలో టీ ఉండగానే లేచి వచ్చేశాను. కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. బూట్లవాడికి ఉన్నదల్లా పేరే. అది పోతే మళ్లీ పాత చెప్పులకు అతుకులు వేసుకోవాల్సిందే.

బస్సెక్కే ముందు యాదగిరి దుకాణం ముందు ఆగాడు. కాలు చూపించాడు. మడమ చర్మం లేచిపోయింది, బొటనవేలి గోరు నల్లబడింది.

"కాలు ఆడకుంటే మగ్గం ఆగుతది అన్నా. మగ్గం ఆగితే ఇల్లు ఆగుతది," అన్నాడు. "ఇది సూస్తే మా అవ్వ ఇంకొక్క ఆట సూస్త అంటది. కాలు మల్ల గిట్ల చేసుకొని పోతే ఆట బందు అంటది."

ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. తల్లీ తండ్రీ లేరు, అవ్వ, ఒక చెల్లెలు. అవ్వ మాట దాటడు. అతను మానేస్తే ఆ టీం ఉండదని ఆట తెలిసిన ఎవరికైనా తెలుసు. ఫైనల్‌కు ముందు ఆడాల్సిన మూడు ఆటల్లో ఒకటి పోయింది, ఇంక మిగిలిన రెండూ గెలిస్తేనే ఫైనల్. తర్వాతి ఆట వచ్చే ఆదివారమే.

మర్నాడే నార్కట్‌పల్లిలో బస్సు మారి చౌటుప్పల్ వెళ్లాను. యాదగిరి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ఇంటి చూరుకు నా బూట్లు వేలాడుతున్నాయి మరి. దించి చూశాను. రాత్రి మంచుకు తడిసి, పగలు ఎండకు ఎండి, తోలు చెక్కలా బిగుసుకుపోయింది. అడుగున స్టడ్ల మీద నిన్నటి మట్టి తప్ప ఒక్క గీత లేదు.

"ఒక్కనాడు గూడ తొడుక్కోలేదా?" అని అడిగాను.

"ఆటనాడు కొత్తగ ఉండాలని దాసిపెట్టినం," అన్నాడు యాదగిరి. "మగ్గమున్న ఇంట్లకు తోలు తేము గద అన్నా. అందరం గిట్లనే చూరుకు కట్టినం."

పండగ బట్టల్లా దాచుకున్నారన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెల రోజులు నా బూట్లు పదకొండు ఇళ్ల చూర్ల కింద మంచులో తడుస్తూ, ఎండలో ఎండుతూ వేలాడాయి.

నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. అవ్వ లోపల గుమ్మం దగ్గర రాట్నం మీద కండెలు చుడుతోంది. నాతో మాట్లాడలేదు. ఆయనకు మంచినీళ్లియ్యమని మనవరాలికి మాత్రం చెప్పింది. తలుపులోంచి మగ్గం కనిపిస్తోంది. దాని వెనక గోడకు ఒక పెద్ద మేకు, మేకు చుట్టూ సున్నం తెల్లగా ఉంది. నాలుగేళ్లు షీల్డు అక్కడే వేలాడింది. టోర్నమెంటు ముందు కమిటీకి తిరిగి ఇచ్చారు.

వీధిలో పడుగు సాగదీసి ఉంది. నేతకు ముందు నిలువు దారాలన్నీ వీధి పొడుగునా చాచి, వాటికి గంజి పెట్టి, కుంచెతో దువ్వుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. ఇద్దరు ఆటగాళ్లు అదే పని చేస్తున్నారు. గంజి కారి నేల తడిగా ఉంది. ఆ తడిలో వాళ్ల అడుగులు పడ్డాయి. నేను ఊరికే చూస్తూ కూర్చున్నవాణ్ని, ఒక్కసారి లేచి వెళ్లి ఆ అడుగుల పక్కన కూలబడ్డాను. అయిదు వేళ్లూ విచ్చుకుని ఉన్నాయి. బొటనవేలు పక్కవాటికి ఎంత దూరమో. పలకలు తొక్కీ తొక్కీ పాదం ముందువైపు చేటలా వెడల్పయింది. నా దుకాణంలో కాగితం మీద బిడియపడుతూ పెట్టిన కాలు వేరు, పనిలో ఉన్న ఈ కాలు వేరు. నేను ఆ మొదటి కాలికి బూటు కుట్టాను.

యాదగిరి చేత మిగతావాళ్లను పిలిపించి, అందరినీ ఆ తడిలో నడిపించాను. అడుగులకు కాగితాలు పెట్టి కొలుచుకున్నాను. వీధి వీధంతా నిలబడి నవ్వింది. బూట్లన్నీ గోనెసంచిలో వేసుకుని నల్లగొండ చేరాను. అచ్చుల మీద వేళ్ల దగ్గర తోలు ముక్కలు మేకులతో కొట్టి లావు చేశాను. బూట్లను నీళ్లలో నానబెట్టి, నూనె పట్టించి, ఆ లావు చేసిన అచ్చుల మీద మళ్లీ బిగించాను. దుకాణంలో సాయానికి ఉండే మా బావమరిదీ నేనూ వేరే పని ముట్టలేదు.

వారం మధ్యలో బూట్లు పట్టుకుని మళ్లీ వెళ్లాను. తొడుక్కుంటే వేళ్లు ఆడుతున్నాయన్నారు. కానీ రోజూ తొడుక్కుని తిరిగితేనే గట్టి తోలు మెత్తబడుతుంది. తిరిగేది ఎక్కడ? పగలంతా మగ్గం మీదే ఉండాలి, మగ్గం దగ్గరికి తోలు రాకూడదు. ఆ సంగతే నేను అరుగు మీద కూర్చుని యాదగిరితో అంటున్నాను. లోపల రాట్నం ఆగింది.

"ఓ యాదగిరీ," అంది అవ్వ. ఇంకా నాతో కాదు. "ఇల్లు ఇల్లే, బజారు బజారే. బజార్ల చెప్పులేసుకొని తిరగరా మనుషులు? పడుగు దువ్వేటప్పుడు తొడుక్కోండి. దారానికి మాత్రం తాకనియ్యకుండ్రి."

ఇంత సులువైన ఉపాయం మా ఇద్దరికీ తట్టలేదు. ఆ రోజు నుంచి చౌటుప్పల్ నేతవాడలో ఎవరి పడుగు వీధిలోకి వచ్చినా దువ్వడానికి టీం వాళ్లే వచ్చేవారు. కుంచెలు పట్టుకుని, ఫుట్‌బాల్ బూట్లు తొడుక్కుని, దారాలకు జానెడు ఎడంగా అటూ ఇటూ నడిచేవారు. ముసలివాళ్లు చూసి నవ్వుకున్నా, పడుగులు తొందరగా తెములుతున్నాయని ఊరుకున్నారు.

రెండో ఆట కిందా మీదా పడి ఒక్క గోల్‌తో గెలిచారు. ఆట అయ్యాక యాదగిరి బూటు విప్పి, ముందు కాలు చూసుకుని, తర్వాత నా వైపు చూశాడు. మడమ మానుతోంది, కొత్త గాయం లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మూడో ఆటకు వాళ్లు పాత టీంలా ఆడి గెలిచారు. టీ హోటల్లో నా బూట్లను తప్పుబట్టిన మొన్నటి పెద్దమనిషి నాకు చోటిచ్చి జరిగాడు. నేను మాత్రం అటుపక్కకు పోయి కూర్చున్నాను. నా బుద్ధి అంతే.

ఫైనల్లో ఓడిపోయారు. మళ్లీ మహబూబ్‌నగర్ టీమే. చివరిదాకా సమంగా ఉండి, పొద్దు వాలుతుండగా ఒక గోల్ పడింది. సాకు చెప్పడానికేమీ లేదు, వాళ్లు బాగా ఆడారు. షీల్డు మహబూబ్‌నగర్ బస్సెక్కి పోయింది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి.

కొన్ని రోజులు ఆగి చౌటుప్పల్ వెళ్లాను. బూట్లు వెనక్కి తీసుకోమంటారని, మాటలు పడాల్సి వస్తుందని అనుకుంటూనే వెళ్లాను. వీధి మొగలోనే ఆగిపోయాను. పడుగు చాచి ఉంది. దాని పక్కన బూట్లు తొడుక్కుని యాదగిరి టీం వాళ్లు నడుస్తున్నారు, దువ్వుతున్నారు, మధ్యలో ఏదో అనుకుని నవ్వుతున్నారు. వాళ్ల పని అయిపోయిందన్న వాళ్లందరినీ తెచ్చి అక్కడ నిలబెట్టాలనిపించింది.

అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చోబోయాను. చూరు వైపు చూశాను. అక్కడ బూట్లు కట్టే తాడు కూడా లేదు.

"ఆడ కూసున్నవేంది?" అంది అవ్వ గుమ్మంలోంచి. ఈసారి నాతోనే. "లోపలికి రా కొడుకా. నీ బూట్లు యాడ పెడుతున్నమో సూడు."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. నేతగాళ్ల ఇంట్లో మగ్గం దాకా వెళ్లడం నాకు అదే మొదలు. షీల్డు వేలాడిన మేకుకు ఒక సంచి తగిలించి ఉంది. పడుగులో మిగిలిన దారంతో నేసిన సంచి, మూతికి ఎర్ర అంచు. పని నుంచి వచ్చాక బూట్లు తుడిచి అందులో పెడుతున్నారట. తోలు ఇంట్లోకి తెచ్చావేమిటి అవ్వా అన్నాను.

"మా పడుగు పక్కపొంటి మాతోని సమంగ నడిసినయి," అంది. "పని చేసినది బయట ఉంటదా కొడుకా?"

యాదగిరి వెనకాలే వచ్చి నిలబడ్డాడు. షీల్డు వస్తే ఎక్కడ పెడతావని అడిగాను.

"దానికి ఇంకో మేకు కొడత," అన్నాడు. "గీ మేకు బూట్లది."

అప్పటినుంచి నా దుకాణానికి ఎవరొచ్చినా ముందు ఏం పని చేస్తారని అడుగుతాను. ఆ తర్వాతే కాగితం తీస్తాను. వీలైతే వాళ్లు పని చేసే చోటికి పోయి కాలు చూసి వస్తాను. ఇక ఒక టీం పని అయిపోయిందా లేదా అని ఎవరైనా వాదించుకుంటుంటే, ఓడిన మర్నాడు పొద్దున వాళ్లు ఏం చేస్తున్నారో చూసి వచ్చి మాట్లాడమంటాను.

మరుసటి ఏడు ఇద్దరు మంచి ఆటగాళ్లు బతుకుదెరువుకు భివండి మరమగ్గాలకు వెళ్లిపోయినా, షీల్డు చౌటుప్పల్‌కు తిరిగి వచ్చింది. అవ్వ నాకు కబురు పంపింది. వెళ్లేసరికి ఇంటి నిండా జనం. మేకులు కొట్టే పని నీదే గద కొడుకా అని, సుత్తె నా చేతికే ఇచ్చింది.