ఆరంభశూరుడు గిబో మాస్టారు

గిబో మాస్టారి దగ్గర కరాతే నేర్చుకునేవాళ్లకి ఆరంభం తప్ప ఇంకేమీ రాదు. ఆయన చెప్పే కటా అనే విన్యాసంలో వరసగా ముప్పై ఏడు కదలికలున్నాయి. తోమ ఆరేళ్లుగా ప్రతి సోమవారం సాయంత్రం వెళ్తున్నాడు. ఇప్పటికీ కుడి పిడికిలి మీద ఎడమ అరచెయ్యి కప్పుకుని నిలబడే ఉన్నాడు.

ఎందుకు కప్పాలి అని అడుగుతాడు మాస్టారు. అదీ ఆయన పిచ్చి. ఎనభై రెండేళ్ల మనిషికి పళ్లకి లోటేమో గానీ ప్రశ్నలకి లేదు. పిడికిలి కనిపిస్తే ఎదుటివాడు రెచ్చిపోతాడు కాబట్టి దాచాలని ఒక వారం అంటాడు. దాచడం కాదు, కోపం చల్లారేదాకా దాన్ని పట్టుకోవాలని మరో వారం అంటాడు. మొదట ఎడమకే ఎందుకు తిరగాలన్న దాని మీద ఏడాదిన్నర గడిచింది. కొట్టడంతో కాక, దెబ్బ కాచుకోవడంతోనే ఎందుకు మొదలుపెట్టాలన్న దాని మీద వాదించుకుని తోఫు అమ్మే ఉషి అక్క, బస్సు నడిపి రిటైరైన జుకెరాన్ రెండు నెలలు మాట్లాడుకోలేదు. ఇద్దరిదీ తప్పేనని తేల్చేశాక మాస్టారు అందరికీ మల్లెపూల టీ పోసి, నల్లబెల్లం బూరెలు పెట్టి పంపేవాడు.

తోమని అతని భార్య ఫుమి ఆరంభశూరుడని ఏడిపించేది. సగం కట్టిన కోళ్లగూడు, సగం అల్లిన వల ఇంట్లో అలాగే ఉన్నాయి మరి. రెండేళ్ల కిందట ఆవిడ పోయేముందు, కటా ఒక్కటైనా పూర్తిగా చేసి చూపిస్తానని అతను మాటిచ్చాడు. చుట్టాలంతా సమాధుల దగ్గర చేరి భోంచేసే ఏప్రిల్ పండగ ఇంకో నాలుగు నెలల్లో ఉంది, ఆ రోజే ఆవిడ ముందు చేసి చూపించాలని అతని పట్టుదల.

"మాస్టారూ, ఈసారైనా చివరిదాకా నేర్పండి," అన్నాడు తోమ.

"చివర్లో ఏముందయ్యా? మళ్లీ ఇలాగే పిడికిలి కప్పుకుని నిలబడతావు. అదేదో ఇప్పుడే సరిగ్గా నిలబడు."

తోమకి ఒళ్లు మండింది. నాహా పట్నంలో కొత్త కరాతే బడిలో చేరాడు. అక్కడ ఎందుకని అడిగేవాడు లేడు. ఈల ఊదుతూ మూడు నెలల్లో ముప్పై ఏడూ నేర్పేశారు. పరీక్ష పెట్టినాయన అతని ఆరంభాన్ని తెగ మెచ్చుకుని, పత్రం చేతిలో పెట్టి, ఇక ఇంట్లోనే సాధన చేసుకోమన్నాడు.

ఫుమి సమాధి ముందు తోమ కటా మొత్తం చేశాడు. ఎక్కడా తడబడలేదు. మరదలు చప్పట్లు కొట్టింది. అందరూ పంది మాంసం, చేప వేపుళ్లు తిని, డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయారు. మాట నిలబెట్టుకున్నానని తోమకి తృప్తిగానే ఉంది. కానీ మర్నాడు లేచాక చెయ్యాల్సిన పని ఒక్కటీ కనిపించలేదు. సోమవారం వచ్చింది, పోయింది. గిబో మాస్టారి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? ఇల్లు బావురుమంటుంటే రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు.

మూడో సోమవారం సాయంత్రం మాస్టారే వచ్చాడు.

"మొత్తం నేర్చావట. చెయ్యి."

తోమ పెరట్లో నిలబడి ముప్పై ఏడూ చేశాడు. చూస్తూ చూస్తూ ముసలాయన చేతులు కూడా అక్కడక్కడ కదిలాయి.

"అంతా బాగానే ఉంది. ఆరంభమే తప్పు."

"నాహాలో మెచ్చుకుంది దాన్నే, మాస్టారూ."

"మెచ్చుకున్నాయన ఆ తర్వాతెప్పుడైనా అన్నం తిన్నావా అని అడిగాడా?"

అడగలేదని ఒప్పుకున్నాడు తోమ. అప్పుడు మాస్టారు అసలు సంగతి చెప్పాడు. పదేళ్ల కిందట జుకెరాన్‌కి ఏడాదిలోనే అన్నీ నేర్పేశాడట. అతను దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఒంటరివాడు, స్నానాల గదిలో జారిపడితే రెండు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. నడుం అతుక్కున్నాక తిరిగొచ్చి, అంతా మర్చిపోయానని అబద్ధమాడి మళ్లీ చేరాడు. అప్పట్నుంచి మాస్టారు ఎవరికీ ఆరంభం దాటించలేదు. ఉషి అక్కకీ ముప్పై ఏడూ అంతకుముందే వచ్చు.

"అంటే ఆరేళ్లుగా నిజంగా ఏమీ రానివాణ్ణి నేనొక్కణ్ణేనా?"

"నువ్వొక్కడివే. నీకూ వచ్చేసిందని వాళ్లకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటారు."

తోమకి నవ్వాగలేదు. "మరి నా ఆరంభంలో తప్పేమిటి?"

"ఒక్క పూటలో తేలేది కాదు. చెప్పులేసుకో. వాళ్లక్కడ పిడికిళ్లు కప్పుకుని నిలబడ్డారు. నువ్వొచ్చేదాకా చేతులు దించరట."